ప్రింటరు ఆపిన మధ్యాహ్నం

మా పెద్దమ్మ పనిచేసే వాతావరణ కార్యాలయంలో ఒక పాత ప్రింటరు ఉండేది. బడి వదలగానే నేను అక్కడికే వెళ్లి మూల బల్ల మీద లెక్కలు చేసుకునేదాన్ని. ఎవరూ పలకరించకపోతే చాలనుకునేదాన్ని. రాడార్లనుంచీ ఉపగ్రహాలనుంచీ వచ్చే సమాచారాన్ని అక్కడి కంప్యూటరు అందుకుని రేవులకు పంపేది. పంపే ప్రతిదాని పేరూ ప్రింటరు కరకరమంటూ కాగితం మీద కొట్టేది.

పెద్దమ్మకు ఆ చప్పుడే వాతావరణం. "ఆగి ఆగి కొడితే ఎండ. ఊపిరి తీసుకోకుండా కొడితే గాలివాన," అనేది.

ఆ ఏడాది రాడార్లు పంపే బొమ్మలు ఎక్కువై, రేవుకు గాలి హెచ్చరికలు ఆలస్యంగా చేరసాగాయి. వాన నెత్తిన పడేదాకా చేపలవేటకు వెళ్లిన మా నాన్నకు పడవ తిప్పాలని తెలిసేది కాదు. హెచ్చరికలను బొమ్మల వరుసలోంచి విడదీసి వేరే వరుసలో పెట్టారు. అయినా లాభం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం నాన్న సముద్రంలో ఉండగా ప్రింటరు ఊపిరి తీసుకోకుండా కొట్టడం మొదలుపెట్టింది. అందరూ నత్త అని పిలిచే ఇంజనీరు తెర ముందునుంచి లేచాడు.

"అక్కా, వరుస ఏదైనా, పేరు అచ్చయ్యేదాకా కంప్యూటరు తర్వాతది పంపడం లేదు. ప్రింటరు తీసేద్దాం."

"నువ్వా నన్ను తొందరపెట్టేది! పెళ్లికి పిలిస్తే భోజనాలయ్యాక వచ్చే మనిషివి."

"నేను ఆలస్యమైతే నా కడుపే మాడుతుంది. ఇది ఆలస్యమైతే మీ మరిది మునుగుతాడు."

"అది ఆగితే నాకు చెవులు పోయినట్టేరా," అంటూ పెద్దమ్మ నావైపు చూసింది. నా కళ్లు నిండాయి.

ఆమె ప్రింటరుకు పేర్లు పంపమనే ఆదేశాన్ని తనే తీసేసి కంప్యూటరును మళ్లీ నడిపించింది. గది మూగబోయింది. పేరుకుపోయినవన్నీ బిలబిలమంటూ వెళ్లిపోయాయి. కాసేపటికి రేవునుంచి ఫోను వచ్చింది. "ఏమ్మా, ఈసారి గాలికంటే ముందే చెప్పారే! పడవలన్నీ తిరిగొస్తున్నాయి."

సాయంత్రం నాన్న పొడిబట్టలతో ఇంటికొచ్చాడు. పెద్దమ్మ గుమ్మంలోనే తగులుకుంది. "నీకోసం దాని నోరు నొక్కానయ్యా!" నాన్న ఏమీ అర్థంకాక నవ్వాడు.

మర్నాటినుంచి పెద్దమ్మ పని మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం చూడడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి పక్కన నిలబడేదాన్ని.