నాలుగడుగుల నడవా

అయినా అయిదున్నర అంగుళాలంటే ఎంతని? జానెడు కూడా ఉండదు. జేబులో పెట్టుకునే దువ్వెనంత. ముప్ఫై అడుగుల ఇంట్లో ఒక దువ్వెన అటోఇటో అయితే ఎవరికి పట్టింది? సిమెంటు పూసేటప్పుడు సర్దుకుపోతుంది, లోకంలో ఇళ్ళన్నీ అలా సర్దుకుపోయే నిలబడ్డాయి... అని తనకి తనే చెప్పుకుంటూ, పక్క బల్ల దగ్గర వదిన ఏం చేస్తోందో చూడనట్టు చూస్తున్నాడతను.

వదిన కాగితం మీద కూడిక వేస్తోంది. ఇది నాలుగోసారి.

"మరిదీ, ఇలా చూడు. ఈ వరసలో గదులూ గోడలూ అన్నీ కలిపితే ముప్ఫై అడుగుల అయిదున్నర అంగుళాలు. బయటి కొలతేమో ముప్ఫై అడుగులే అంటోంది. లోపలిది బయటిదానికంటే పెద్దదెలా అవుతుంది?"

"మిషన్ కదా వదినా, ఒక్కోసారి దానికీ..." అని అతని నోరు దానంతట అదే అనేసింది.

"అంతేనంటావా? వైద్యం చేద్దాం పట్టు," అని ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

ప్లైవుడ్ దుకాణం పైన మేడ మీద ఉన్న ఆ ఆఫీసు మొత్తం ఒక గదిన్నర. గదిలో వీళ్ళిద్దరూ ఇళ్ళ ప్లాన్లు గీస్తారు. అరగదిలో ఇంజనీరు కూర్చుంటాడు. కింద రంపం నడిచినప్పుడల్లా కంప్యూటర్ తెరలు సన్నగా వణుకుతాయి. పెన్సిలుతో గీయడం మానేసి పద్దెనిమిదేళ్ళయినా అతని చెవి మీద పెన్సిలు ఉండాల్సిందే కాబట్టి మేస్త్రీ దగ్గర్నుంచి ఇంజనీరు దాకా అందరూ అతన్ని పెన్సిలు అనే పిలుస్తారు. వదిన ఒక్కతే మరిదీ అంటుంది. ఆవిడ అతని భార్యకి స్వయానా అక్క. పాతికేళ్ళు బట్టలు కుట్టింది. సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనడం మానేసినప్పుడు, "నీ తెర మీద దారాన్ని ఎంత లావైనా చేసుకోవచ్చటగా, నాకూ నేర్పు," అంటూ వచ్చి కూర్చుంది. అప్పటికి ఆవిడకి యాభై రెండు.

అతనే నేర్పాడు. మొదటి రోజు, మౌసు పట్టుకోవడం కూడా రాకముందే, ఒక మాట చెప్పాడు. "వదినా, ఒక్కటి గుర్తుంచుకోండి. కొలత మనం రాసేది కాదు. గోడ ఎంత ఉంటే అంత అదే రాసుకుంటుంది. అంకె నచ్చకపోతే గోడ జరపండి. అంకెని మాత్రం ముట్టుకోకండి." ఆ మాట చెప్పినప్పుడు తన గొంతులో పలికిన పెద్దరికం అతనికి ఇవాళ పొద్దుటి నుంచీ వినిపిస్తూనే ఉంది.

పోయిన శనివారం అతను అంకెని ముట్టుకున్నాడు.

ఆ ఇల్లు ఒక నర్సమ్మది. తనకీ, కాళ్ళు పడిపోయిన తమ్ముడికీ కట్టించుకుంటోంది. తమ్ముడి చక్రాల కుర్చీని గాజుగుడ్డ పట్టీతో కొలిచి, రెండు చోట్ల ముడులు వేసి తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. "నడవా నాలుగడుగులుండాలి బాబూ. అంతకి తగ్గితే బాత్రూం ముందు కుర్చీ తిరగదు. తిరగకపోతే వాణ్ణి నేను ఎత్తి తిప్పాలి. ఈ నడుం ఇంకెన్నేళ్ళు మోస్తుందో నాకే తెలీదు," అని నవ్వింది. అతను నాలుగడుగులే గీశాడు. తర్వాత ఆవిడే ఫోన్ చేసి, తమ్ముడు పట్టుకుని లేవడానికి బాత్రూం గోడకి ఇనప కడ్డీ బిగించాలి, సన్న గోడ ఆగదేమో అంది. అతను నాలుగున్నర అంగుళాల గోడని పది అంగుళాలు చేశాడు. ఆ గోడ బాత్రూం వైపు పెరగలేదు, నడవా వైపు పెరిగింది. మూడడుగుల ఆరున్నర అంగుళాలు అని తెర మీద అంకె నిజాయితీగా మారింది. సరిచెయ్యాలంటే బాత్రూం అంతా మళ్ళీ గీయాలి. అరగదిలోంచి ఇంజనీరు "పెన్సిలూ, అయిందా?" అని మూడోసారి అరిచాడు. అతను ఆ అంకె మీద నాలుగడుగులు అని టైపు చేశాడు. సోమవారం సరిచేద్దామనుకున్నాడు.

సోమవారం వచ్చింది. కానీ ఆ అంకె అతన్ని చూసి ఎంత అమాయకంగా నాలుగడుగులు అందంటే, అతనే దాన్ని నమ్మేశాడు. మనసు తనకి తనే రాసిచ్చుకునే దొంగ కొలతని మించిన చక్కటి దస్తూరీ ఉండదు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి మేస్త్రీ వచ్చి ప్రింట్లు పట్టుకెళతాడు. రేపు పొద్దున్నే నేల మీద ముగ్గు పోసి పునాది తవ్వుతారు.

వదిన పని మొదలుపెట్టింది. ఆవిడ దగ్గర పాత కొలతల పుస్తకం ఒకటుంది. ముందు పేజీల్లో భుజాలూ నడుములూ, వెనక పేజీల్లో కంప్యూటర్ చిట్కాలు. మొదటి చిట్కా, ఫైలు కాపీ తీసుకుని కాపీ మీదే పని చెయ్యాలి. "పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టేముందు కాగితం కత్తిరించి చూసుకోమా? అంతే," అంటుంది. కాపీ తీసింది. కొలతలు అడుగుల్లో ఉన్నాయా మీటర్లలో ఉన్నాయా అని చూసింది. సరిగానే ఉన్నాయి. తర్వాత బొమ్మంతా ఒకేసారి తెర మీదికి రమ్మంది. ఇల్లు ఆవగింజంత అయిపోయి ఒక మూల కూర్చుంది. ఎక్కడో దూరంగా ఇంకో చుక్క.

"చూశావా, అందుకే ఫైలు ఇంత బరువుగా నడుస్తోంది," అని ఆవిడ ఆ చుక్క దగ్గరికి వెళ్ళింది. చూస్తే తలుపు! "ఎవరో మహానుభావుడు ఇంటి తలుపుని ఊరవతల పారేశాడు మరిదీ. దొంగలు కూడా ఇంత దూరం మోసుకుపోరు."

అతనికి నవ్వొచ్చింది. ఆ తలుపు పారేసింది తనే. ఆవిడకీ తెలుసు. ఆ విషయం దాచకుండా నవ్వగలిగినందుకు అతనికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది, తప్పులన్నీ ఇలాంటివే అయితే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆవిడ తలుపుని చెరిపేసింది. లేయర్లు ఒక్కొక్కటే ఆపుతూ వెళ్ళింది. కరెంటు తీగలు మాయమయ్యాయి, కుళాయి గొట్టాలు మాయమయ్యాయి, మంచాలూ కుర్చీలూ మాయమయ్యాయి. చివరికి ఒట్టి గోడలు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి రెండుసార్లు గీసిన గోడలు దొరికాయి, తీసేసింది. మూలలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూసింది. దూరం నుంచి కలిసినట్టున్న రెండు గీతలు దగ్గరికెళితే వెంట్రుకవాసి ఎడంగా ఉన్నాయి, కలిపింది. పుస్తకంలో రాసుకుంది: "మూలలు కలిశాయని నమ్మకు. వెళ్ళి చూడు."

ఆవిడ ఎక్కడా విసుక్కోలేదు. అది అతన్ని పొద్దుటి నుంచీ ఆశ్చర్యపరుస్తూనే ఉంది. అతను పని నేర్చుకున్న గురువు తప్పు కనబడితే కాగితం చింపి మొహాన కొట్టేవాడు. అందుకేనేమో, తప్పంటే అతనికి ఇప్పటికీ ముందు చప్పుడు వినిపిస్తుంది, కాగితం చిరిగిన చప్పుడు. వదిన తప్పుని వెతికే తీరు వేరు. చంకలో కుట్టు బిగిసిందని పిల్లలు ఏడిస్తే, వాళ్ళని చేతులెత్తమని, వేళ్ళతో తడిమి ఎక్కడ లాగుతోందో కనిపెట్టే మనిషి వెతికినట్టు వెతుకుతోంది. గుడ్డని తిట్టదు, పిల్లని తిట్టదు. పద్దెనిమిదేళ్ళలో తనకి రానిది ఈ నాలుగేళ్ళలో ఆవిడకి ఎలా వచ్చింది? మీటలు తను నేర్పాడు. ఈ ఓపిక మాత్రం తను నేర్పింది కాదు.

"సగం తీసేసి చూద్దాం," అంది వదిన. కాపీలో ముందు గది వైపంతా చెరిపేసి మిగతా సగం కూడింది. తేడా అలాగే ఉంది. "అంటే జబ్బు ఈ సగంలో ఉంది." మళ్ళీ దాన్ని సగం చేసింది. ఇక మిగిలినవి నడవా, బాత్రూం, తమ్ముడి గది. అతను చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అరగది తలుపు తెరుచుకుంది. ఇంజనీరు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏంటమ్మా, పొద్దుటి నుంచీ ఆ ఇంటిని ఒలుస్తున్నారు? మేస్త్రీ వస్తున్నాడు. ఇది జాకెట్టు కాదు, ఇల్లు."

"జాకెట్టు బిగుతైతే కుట్లు విప్పచ్చు సార్. ఇల్లు బిగుతైతే ఏం విప్పుతారు?"

ఇంజనీరు నవ్వకుండా ఉండడానికి టీ తాగాడు. "సరే, తేడా ఎక్కడో చెప్పండి మరి."

వదిన కూడిక వేసిన కాగితాన్ని పక్కకి జరిపింది. "గోడలు బాగానే ఉన్నాయి. కొలతలేమో మిషన్ రాసుకున్నవి. ఇంక మిగిలింది నేనే సార్. స్థలం సర్వే మీటర్ల నుంచి అడుగుల్లోకి మార్చింది నేను. బయటి గోడల గీత దాన్ని బట్టే వేశాం, ఈ వైపే ఎక్కడో జారుంటాను. బయటి కొలతే తప్పయ్యుండాలి."

"నేను మొదటే అన్నాను," అన్నాడు ఇంజనీరు, ఎప్పుడన్నాడో ఎవరికీ గుర్తులేకపోయినా. "వయసులో నేర్చుకున్న పని అలాగే ఉంటుంది. సర్లెండి, అయిదున్నర అంగుళాలు తమ్ముడి గదిలోంచి కోసేయండి. సర్వే ఇకమీదట పెన్సిలు చూస్తాడు."

"నర్సమ్మకి నేనే ఫోన్ చేసి చెప్తాను సార్. తప్పు నాది కదా," అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం కొలతల పుస్తకాన్ని మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసింది.

ఇంజనీరు వెళ్ళిపోయాడు. కింద రంపం ఆగింది.

"వదినా," అన్నాడతను. "నడవాని కొలిచి చూశారా?"

"నడవాని ఎందుకు? అది నువ్వు గీసింది కదా. నీ గీత మీద నాకు అనుమానమేంటయ్యా?" అని ఫోన్ అందుకుని, కళ్ళజోడు పైకి తోసి, నంబరు వెతకడం మొదలుపెట్టింది.

అతనికి ఆ మాట ఎక్కడ తగిలిందో అతనికే తెలియలేదు. పొద్దుటి నుంచీ ఆవిణ్ణి మెచ్చుకుంటూ కూర్చున్నాడు. అది అబద్ధం కాదు, ప్రతి ముక్కా నిజం. కానీ ఎదుటి మనిషిని మెచ్చుకుంటున్నంతసేపూ తన వైపు చూసుకోనక్కర్లేదు. ఆవిడ పనితనం ఎంత గొప్పగా కనిపిస్తే తను అంత చిన్నవాడై, ఎవరికీ కనబడనంత చిన్నవాడై, ఒక అంకె వెనక దాక్కోగలిగాడు. ఇప్పుడు ఆ అంకె వెనక చోటు చాలడం లేదు. అక్కడికి ఒక చక్రాల కుర్చీ వచ్చి తిరగలేక ఆగిపోయింది. దాని వెనక ఒక ఆడమనిషి నడుం వంచుతోంది. ఈ పక్కన ఇంకో ఆడమనిషి చెయ్యని తప్పుకి ఫోన్లో నంబరు వెతుకుతోంది.

చెబితే ఏమవుతుంది? కాగితం చిరుగుతుంది. చిరిగితే ఏమవుతుంది? అంతవరకూ అతను ఎప్పుడూ ఈ రెండో ప్రశ్న వేసుకోలేదు. ఆవిడ మాత్రం పొద్దుటి నుంచీ అదే వేసుకుంటోంది. తప్పు దొరికితే ఏమవుతుంది? సరిచేస్తాం. అంతకంటే ఏమీ లేనట్టు.

"ఆగండి వదినా, ఫోన్ చెయ్యకండి."

"ఎందుకు?"

అతను లేచి, తన కుర్చీని చప్పుడు కాకుండా ఆవిడ కుర్చీ పక్కకి లాక్కొచ్చాడు. "కొంచెం జరగండి."

ఆవిడ జరిగింది. ఫోన్ చేతిలోనే ఉంది. అరగది తలుపు తీసే ఉంది. ఇంజనీరు ఎవరితోనో మాట్లాడుతున్నది వినబడుతోంది.

"మీ సర్వే సరిగానే ఉంది," అన్నాడతను, ఆ తలుపు దాకా వినబడేలా. "ఎక్కడా జారలేదు. నేను చూపిస్తాను."

మౌసు పట్టుకున్నాడు. వదిన మొహం తెర వైపు తిరిగేదాకా ఆగి, నడవా మధ్యలో తను టైపు చేసిన నాలుగడుగుల మీద నొక్కి, దాన్ని చెరిపేశాడు. ఆ చోట గోడ తన కొలత తనే రాసుకుంది: మూడడుగుల ఆరున్నర అంగుళాలు.