నీలవేణికి పిండం

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ విరగబడి చూసే కలకత్తా టీవీ మాయల సీరియల్‌ను ఫిట్టర్ జగ్గారావు తెలుగు నవలగా రాశాడు. అందులో నాగకన్యకు తన కూతురు నీలవేణి పేరు పెట్టి, చివర్లో చంపేశాడు.

నవల చదివిన పదకొండో రోజున కాలనీ ఆడవాళ్లు విస్తరిలో పిండం పట్టుకుని అతని వాకిట్లోకి వచ్చారు.

"నువ్వే కన్నావు, నువ్వే సంపినావు. పేరు సెప్పి పిండం నువ్వే ఎట్టాల బాబూ," అంది అప్పలనర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"అది కథే అప్పా!"

"కథయితే మాకీ ఏడుపేటి?"

లోపల కూతురు జ్వరంతో మూలిగింది. ఆ పేరు పిండం మీద పలికితే పిల్ల తనకు దక్కదనిపించింది జగ్గారావుకి. అదంతా మనసు భ్రమేనని ఎంత చెప్పుకున్నా భయం పోలేదు. ఆడవాళ్లు కదలలేదు.

అతను విస్తరి అందుకుని, కళ్లు మూసుకుని, తన పేరే చెప్పి పిండం పెట్టాడు.