టీవీ వేడెక్కేదాకా

ఆ ఇంట్లో టీవీ ఆన్ చేయడం పెద్దాయన ఒక్కడికే వచ్చు. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, లోపల టిక్కు టిక్కుమంటుంది, బొమ్మ మాత్రం రాదు. అప్పుడాయన కోడలి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని టీవీ వెనక చేరి, సరిగ్గా ఎడమ మూలకి వేడిగాలి కొడతాడు. ఇరవై నిమిషాలకి బొమ్మొస్తుంది. ఈలోగా సీరియల్ కోసం చేరినవాళ్ళకి తన బస్సు కండక్టరు ఉద్యోగం కబుర్లు చెబుతాడు. రిటైరయ్యాక ఆయనకి దక్కిన శ్రోతలు వాళ్ళే. లేచి పోదామంటే సీరియల్ తప్పిపోతుంది మరి!

ఒకరోజు కొడుక్కి చిర్రెత్తుకొచ్చి మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు. పెద్దాయన గుండెల్లో రాయి పడింది.

మెకానిక్ ప్లగ్గు పీకి, వెనక మూత విప్పి, పవర్ బోర్డులో కరెంటు మిగిలిందేమోనని మీటరు పెట్టి చూసుకున్నాడు.

"ఇవిగో, ఈ నాలుగు కెపాసిటర్లూ పొట్టలు ఉబ్బి కూర్చున్నాయి. చల్లగా ఉంటే పనిచెయ్యవు, వెచ్చబడితే ఎలాగో లాక్కొస్తాయి. ఎడమ మూలే వేడి చెయ్యాలని ఎవరు చెప్పారండీ?"

అందరూ పెద్దాయన వైపు చూశారు.

"విప్పకుండానే జబ్బు కనిపెట్టేశారే!"

ఆ పొగడ్త ఆయన చెవికెక్కలేదు. కొడుకు మంచినీళ్ళకని లోపలికెళ్ళగానే మెకానిక్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"బాబ్బాబు, మూడు మార్చి ఒకటి ఉంచెయ్యి."

"ఎందుకండీ?"

"పాపం, దాని దారిన అది పడుంటుంది."

"బాగానే ఉంది! తర్వాత మీవాడు నా వీపు విమానం మోత మోగిస్తాడు."

నాలుగూ మారాయి. ప్లస్సు, మైనస్సు గుర్తులు చూసి మరీ టంకం పెట్టాడు. స్విచ్ వేయగానే బొమ్మ! ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడు, తప్పదు కదా.

సాయంత్రం సీరియల్ మొదటినుంచీ వచ్చింది. అందరి కళ్ళూ తెరకే అతుక్కున్నాయి. పెద్దాయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇక తన మాటలు ఎవరికి కావాలి అనుకున్నాడు. మెల్లగా లేచి గదివైపు నడిచాడు.

అప్పుడు ఆయన భార్య కోడలితో అంది: "మీ మామయ్యగారి బస్సు ఓసారి రెండు మేకలు ఎక్కాయట. రెండింటికీ టికెట్టు కొట్టారట."

ఆయన కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. 'ఎన్నిసార్లు చెబుతారండీ' అని ముప్పై ఏళ్ళుగా విసుక్కున్న మనిషి! పైగా చెప్పిందంతా తప్పు.

"రెండెక్కడివే? ఒకటే మేక! టికెట్టు కొట్టడం కాదు, నా టికెట్ల కట్ట మొత్తం అదే నమిలేసింది!"

"అయ్యో, తర్వాత?" కోడలు ఇటు తిరిగింది.

"తర్వాతేముంది? బస్సులో నలభై మంది, ఒక్కరి చేతిలోనూ టికెట్టు లేదు. సరిగ్గా అప్పుడే చెకింగ్ వాళ్ళు ఎక్కారు..." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కొడుకు టీవీ గొంతు నొక్కేశాడు. "ఇది మాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"ఎక్కడ చెప్పనిచ్చార్రా? ఇరవై నిమిషాలకే బొమ్మొచ్చి చచ్చేది!"