ఆవిరి గదిలో పదకొండు చేపలు

లాండ్రీ అబ్బాయికి నలభై రెండేళ్ళు. అయినా వీధి మొత్తానికీ ఇంకా అబ్బాయే. ఆ రోజుల్లో పొద్దున ఆరింటికల్లా షట్టరెత్తేవాడు, వెనక గదిలో బాయిలరు వెలిగించేవాడు, అది బుసలు కొట్టడం మొదలెట్టగానే "అమ్మా, ఆవిరొచ్చేసింది" అని కేకేసేవాడు. వాళ్ళమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబడేది. భార్య ముందు కౌంటర్లో కూర్చుని బట్టలకి నంబరు చీటీలు తగిలించేది. ఇస్త్రీ అయిన బట్టలు తిరిగిచ్చేటప్పుడు ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పేది. "జేబులోసారి తడుముకోండి. చేపలేమన్నా ఉంటే ఇక్కడే వదిలెయ్యండి."

ఉండేవి మరి. కోటు జేబులంటే వాటికి మహా ఇష్టం.

సంగతేమిటంటే, కౌంటరు పక్క గోడ బోసిగా ఉందని అబ్బాయికి ఎప్పట్నించో బాధ. ఓ రోజు వెళ్ళి అక్వేరియం తెచ్చేశాడు. మొక్కల కోసం ఎరువు కలిపిన నల్లమట్టి, ఆరు రకాల మొక్కలు, స్పాంజి ఉన్న ఫిల్టరు, ఎర్రచార చేపలు పదకొండు, అన్నీ ఆ ఒక్క రోజే. తొందర మనిషి. చేపల షాపు టీచరమ్మది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఈ షాపు పెట్టుకుంది. తొట్టి పెట్టి ఎన్నాళ్ళయిందో అడగందే ఆవిడ చేపనమ్మదు. అబ్బాయి తడుముకోకుండా "రెండు నెలలండీ" అనేశాడు. పెట్టింది ఆ పొద్దున్నే.

ఇంటికొచ్చాక, ఆవిడిచ్చిన పరీక్ష సీసాలు విప్పి కాగితం చదివాడు. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, ఈ సీసాలోంచి ఎనిమిది చుక్కలు, ఆ సీసాలోంచి ఎనిమిది చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగాలట. పసుపు రంగొస్తే నీళ్ళు మంచివి. ఆకుపచ్చ తిరిగిందంటే అమ్మోనియా ఉన్నట్టు, చేపలు బతకవు. అబ్బాయి గొట్టంలో బచ్చలాకు రంగు తేలింది.

చేపల సంచి అప్పటికి ఇస్త్రీ బల్ల మీదుంది. "పాపం, ఉక్కిరిబిక్కిరైపోతున్నాయి" అంటూ అమ్మ దాని రబ్బరుబ్యాండు తీసేసింది. పక్కనే ఇస్త్రీ పెట్టె గుప్పుగుప్పున ఆవిరి వదులుతోంది. చేపలు సంచి మూతిలోంచి ఒక్కొక్కటే ఆవిర్లోకి ఈదుకుంటూ వచ్చి, అమ్మ తల చుట్టూ రెండు చుట్లు తిరిగి, ట్యూబులైటు కింద గుంపుగా ఆగాయి.

"ఆవిరి కూడా నీళ్ళేగా" అంది అమ్మ.

భార్య తొంగి చూసి, "బట్టలకి నీచువాసన పట్టకుండా చూడండత్తయ్యా" అనేసి కౌంటర్లోకి వెళ్ళిపోయింది. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

అవ్వనిది అమ్మ దగ్గు. నలభై ఏళ్ళుగా ఆ గదిలో నిలబడిన మనిషి. ఇదివరకు వారానికో రోజైనా బాయిలరు చల్లారేది, ఆవిడ వరండాలో కూర్చుని కాస్త ఊపిరి తీసుకునేది. ఇప్పుడు చేపల కోసం అది కూడా పోయింది. పడక కూడా ఆవిరి గదిలోనే వేసుకుంది. ఊపిరి పీలిస్తే లోపల ఈలలు వినిపిస్తున్నాయి. వీధి చివర డాక్టరమ్మ, తెల్లకోట్లు ఇస్త్రీకిచ్చే ఆవిడే, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విని మొహం చిట్లించింది.

"మూడు వారాలు టైమిస్తున్నానండీ. ఆ తర్వాత బాయిలరైనా ఉండాలి, మీరైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చుకోండి."

"ఆపేస్తే ఈ చేపల గతేం కాను?" అంది అమ్మ.

"అందుకే మూడు వారాలన్నాను. ఆలోపల తొట్టి సిద్ధం చేసుకోండి."

అలా అబ్బాయి మెడకి చుట్టుకుంది అమ్మోనియా.

ఇక మొదలైంది అతని అవస్థ. ఫోన్లో వీడియోలు చూశాడు. ఒకాయన రోజూ సగం నీళ్ళు మార్చమన్నాడు. ఇంకొకాయన చుక్క నీరు కదిలించావో అంతా పాడైపోతుందన్నాడు. మూడో ఆయన ఏదో సీసా మందు పొయ్యమన్నాడు. నాలుగో ఆవిడ ఆ మందు పోస్తే పరీక్షలో తప్పుడు రంగొస్తుందని హడలగొట్టింది. అబ్బాయి సోమవారం మార్చాడు, మంగళవారం మానేశాడు, బుధవారం పావు మార్చి పావు మానేశాడు. గొట్టంలో రంగు మాత్రం ఏ మాత్రం తగ్గలేదు. పైగా మొక్కల ఆకులు కరిగి జావలాగా అయిపోతున్నాయి. కస్టమరు తెచ్చిన చొక్కా ముందేసుకుని, ఇది ఉతకాలా ఉతికిందా అని అయిదు నిమిషాలు ఆలోచించాడు పాపం.

"మీరు దాన్ని చూస్తున్నారా, అది మిమ్మల్ని చూస్తోందా?" అంది భార్య.

"నాకేం పాలుపోవట్లేదే. టీచర్ని అడుగుదామంటే అబద్ధం చెప్పి తెచ్చానాయె."

"నాలుగు తిట్లు తింటే ఏం అరిగిపోరు. వెళ్ళండి."

వెళ్ళాడు. తిట్లు నాలుగుతో ఆగలేదు. బోర్డు దగ్గర నిలబెట్టి అడిగినట్టు అడిగింది టీచరమ్మ. అంతా అయ్యాక మెత్తబడి, కుర్చీ చూపించింది.

"చూడు బాబూ. నువ్వు వేసిన మట్టిలో మొక్కలకి ఎరువుంటుంది. అది కొత్తలో అమ్మోనియాని వదుల్తూనే ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు కొన్నుంటాయి. అవి వచ్చి స్పాంజిలో కాపురం పెట్టాలి. అమ్మోనియా మరీ ఎక్కువైతే వాటికీ పెరగడం కష్టమే, కాబట్టి ఇవాళ సగం నీళ్ళు మార్చు. కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ పోయే మందేసి మరీ పొయ్యి. తర్వాత ఓపిక పట్టు. స్పాంజి గోధుమరంగులోకి తిరిగి జిడ్డు పట్టిందా, నీ పంట పండినట్టే."

ఆవిడ తన పాత తొట్టిలోంచి ఒక మురికి స్పాంజి ముక్క కోసి, తడి ఆరకుండా కవర్లో పెట్టిచ్చింది. అబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి చెప్పింది చెప్పినట్టు చేశాడు.

అయిదు రోజులు గడిచాయి. రంగు బచ్చలాకు దగ్గరే ఉంది. టీచరమ్మ తన జుట్టు తనే పీక్కుంది. "ఇలా ఎప్పుడూ జరగలేదే! మళ్ళీ ఓ ముక్క తీసుకెళ్ళు" అంది. మళ్ళీ అయిదు రోజులు. మళ్ళీ బచ్చలాకు. అమ్మ ఇప్పుడు రెండు చొక్కాలకోసారి బల్ల పట్టుకుని నిలబడిపోతోంది. చేపలు ఆవిడ భుజాల చుట్టూ తచ్చాడుతున్నాయి. గడువింక వారమే.

ఆ రోజు మధ్యాహ్నం ఫిల్టరు మూత తీసి చూసి అబ్బాయి నోరెళ్ళబెట్టాడు. స్పాంజి తెల్లగా, కొత్తదానిలా మెరుస్తోంది.

"ఏమే, దీన్ని ముట్టుకున్నావా?"

భార్య చీటీల మీంచి తలెత్తలేదు. "మొన్న మంగళవారం ఒక్కసారి, కుళాయి కింద పెట్టి పిండానండీ. అంత జిడ్డు కళ్ళెదురుగా ఉంటే ఎలా ఊరుకునేది? మనది లాండ్రీ."

"మొన్నటి సంగతి కాదు, ఇవాళ్టిది."

"ఇవాళ నేను కాదు. అంతకుముందు శుక్రవారం మీరే కదా పిండింది? నేను చూశాను."

అవును, తనే. చెయ్యి కడుక్కుంటూ, ఏదో ధ్యాసలో, చేతికి మురికి తగిలింది కదాని సబ్బు పెట్టి మరీ రుద్దేశాడు. గుర్తొచ్చేసరికి తలకాయ తీసేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక మురికిని ఉంచడమనేది ఆ ఇంట్లో ఎవరికీ రాదు. సరే, శుక్రవారం తను, మంగళవారం భార్య. మరి ఇవాళ?

వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అమ్మ కాలర్లు రుద్దే బ్రష్షు తోముతోంది. బ్రష్షు నిండా గోధుమరంగు జిడ్డు.

"అమ్మా, నువ్వా?"

ఆవిడ బుకాయించలేదు. "రోజూ కడుగుతున్నానురా."

"టీచరు చెప్పింది చెప్పాను కదమ్మా నీకు! మురికి ఉండాలని చెప్పానా లేదా?"

"చెప్పావు. తెలిసే కడుగుతున్నాను." బ్రష్షు పక్కనపెట్టి, ఊపిరి కోసం కాసేపాగింది. "దానికి మురికి పడితే చేపలు అందులోకి పోతాయి. చేపలు పోతే బాయిలరు ఆపేస్తారు. ఆపేస్తే నేనేం చెయ్యాలి రా? పొద్దున్నే లేచి ఎక్కడ నిలబడాలి? నాకు ఇస్త్రీ తప్ప ఏమొచ్చని? భయమేస్తోందిరా నాకు."

అబ్బాయికి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి, దేన్ని ముందు రానివ్వాలో తేలక అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పుల్లో కాళ్ళు దూర్చి టీచరమ్మ దగ్గరికి పోయాడు.

"అమ్మోనియా ఎందుకు తగ్గట్లేదో తెలిసింది టీచర్. ఇప్పుడేం చెయ్యాలన్నదే తెలీట్లేదు" అని మొత్తం చెప్పుకొచ్చాడు.

టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నది. "పరీక్ష ఎవరు చేస్తున్నారు?"

"నేనే. కానీ నిజం చెప్పొద్దూ, రంగు ఎంత తగ్గిందో నాకు సరిగ్గా అంతు పట్టదు. పోల్చుకోమని ఇచ్చిన అట్టమీద రంగులన్నీ నాకొకలాగే కనిపిస్తాయి."

"మీ అమ్మగారు నలభై ఏళ్ళనించీ రంగుల బట్టలు చూస్తున్నారు కదా? నువ్వా సీసాలు ఇలా పట్టుకు తిరగడమెందుకు? ఆవిడకిచ్చెయ్యి." ఇంకో స్పాంజి ముక్క కోసింది. ఈసారి పెద్దది. "ఇది కూడా ఆవిడ చేతికే ఇవ్వు."

అబ్బాయి రెండూ తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టాడు. ఆవిడ స్పాంజిని అటూ ఇటూ తిప్పి చూసి మొహం వికారంగా పెట్టింది. అయినా దాన్ని తనే ఫిల్టర్లో పెట్టింది. తర్వాత గొట్టంలో చుక్కలు లెక్కేసుకుంటూ వేసి, వెలుతుర్లోకెత్తి పట్టుకుంది.

"పట్టు లంగా ఆకుపచ్చ. ఒక్క ఉతుకు కూడా పడలేదు" అంది.

మర్నాడు సగం నీళ్ళు మార్చాక చూసి, "రెండు ఉతుకులు వెలిసింది" అంది. అబ్బాయి అట్ట పక్కన పెట్టి చూస్తే, నిజంగానే రెండు గళ్ళు తగ్గింది. మూడో రోజు అయిదు ఉతుకులంది. నాలుగో రోజు ఇంకో రకం సీసాతో పరీక్షించి, అట్టమీద ప్రమాదమని రాసున్న ఊదారంగు చూపించింది. అబ్బాయి కంగారుగా ఫోన్ చేశాడు.

"టీచర్, ఒక విషం పోతుంటే ఇంకో విషం పుట్టింది!"

"అది నైట్రైట్. అమ్మోనియాని తిన్నవాళ్ళు దాన్నే వదుల్తారు. దాన్ని తినేవాళ్ళు వెనకే వస్తారు. ఆ స్పాంజిని ముట్టుకోకండి చాలు."

ముట్టుకోకపోవడమంటే ఆ ఇంట్లో మాటలు కాదు. భార్య తొట్టి పక్కనించి వెళ్ళేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. అబ్బాయి అయితే అటువైపు తలే తిప్పేవాడు కాదు. అమ్మ మాత్రం రోజుకి మూడుసార్లు మూత తీసి, "ఎంత మురికో, ఎంత మురికో" అని మురిసిపోయేది.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఆవిడ గొట్టాన్ని వెలుతుర్లో పెట్టి చాలాసేపు చూసింది.

"పసుపు. మరక లేదు" అంది. రెండో గొట్టం చూసి, "ఇదీ తేరింది. కట్టెయ్ రా బాయిలరు."

కట్టేశాడు. నలభై ఏళ్ళ బుస ఒక్కసారిగా ఆగేసరికి ఆ నిశ్శబ్దానికి ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిరి పల్చబడుతుంటే చేపలు కిందికి దిగాయి. అమ్మ చెయ్యి చాచింది. అవి ఆవిడ చెయ్యి వెంబడే తలుపు దాటి, కౌంటరు మీదుగా వచ్చి, ఒకటొకటిగా నీళ్ళల్లోకి దిగిపోయాయి. పదకొండూ. మొక్కల మధ్య కొత్తగా మొలిచిన ఆకుల్ని వాసన చూస్తున్నాయి.

అబ్బాయి సంతోషంతో తిరిగి చూసేసరికి అమ్మ బల్ల పట్టుకుని ఒంగిపోయి ఉంది. పొడిగాలి ఆవిడ లోపలికి వెళ్ళడం లేదు. నోరు తెరుస్తోంది, గుండె ఎగురుతోంది, ఊపిరి అందడం లేదు. భార్య డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. బాయిలరు మళ్ళీ వెలిగించాలా? కూర్చోబెట్టాలా? వీపు రాయాలా? అబ్బాయి అన్నీ ఒకేసారి చెయ్యబోయి ఏదీ చెయ్యలేకపోయాడు.

అమ్మ అతన్ని పక్కకి తోసి, తొట్టి అంచు పట్టుకుని, మొహం నీళ్ళల్లో పెట్టేసింది.

"అమ్మా!"

ఆవిడ చెయ్యెత్తి ఆగమంది. చేపలు ఆవిడ మొహం ముందుకొచ్చి నిలబడ్డాయి. ఎగిరెగిరి పడుతున్న వీపు మెల్లగా కుదుటపడింది. ఆవిరి పీల్చి పీల్చి అలవాటైన ఊపిరితిత్తులు నీళ్ళని తాపీగా తీసుకుంటున్నాయి, వదుల్తున్నాయి. ఒక్క బుడగ కూడా పైకి రాలేదు. అబ్బాయి ఆవిడ వీపు మీద చెవి పెట్టి విన్నాడు. ఈల లేదు. చిన్నప్పుడు ఆవిడ పక్కలో పడుకుని విన్న శ్వాసే అది. అలాగే చెవి ఆనించి ఉండిపోయాడు.

డాక్టరమ్మ వచ్చేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకుంటోంది. డాక్టరమ్మ ముందూ వెనకా గొట్టాలు పెట్టి విని, "బావుంది. ఎంతసేపు ఉన్నారు నీళ్ళల్లో?" అనడిగి, చీటీ రాసిచ్చింది. పూటకి అరగంట, రోజుకి రెండు పూటలు. అమ్మోనియా సున్నా ఉంటేనే. ఆ చివరి మాట కింద రెండు గీతలు కొట్టింది.

ఆ రెండు గీతలు చూసిన దగ్గర్నించీ అబ్బాయికి నీళ్ళ పరీక్షంటే ఒణుకు. అందుకే ఇప్పుడు పొద్దున ఆరింటికి షట్టరెత్తగానే ముందు తొట్టి దగ్గరికి వెళ్తాడు. ఎనిమిది చుక్కలు, మళ్ళీ ఎనిమిది చుక్కలు. అయిదు నిమిషాలయ్యాక గొట్టం వెలుతుర్లోకెత్తి, కళ్ళు చికిలించి, ఎంత చూసినా నమ్మకం చాలదు.

"అమ్మా, ఇది పసుపేనా?"

అమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చి ఒక్క చూపు చూస్తుంది.

"పసుపే. తప్పుకోరా, అవి నాకోసం చూస్తున్నాయి."