పరీక్షకు పంపిన నీళ్లు

ఆ ఆదివారం పొద్దున వినీత రెండు సంచుల నిండా ఖాళీ సీసాలు వేసుకుని ఊరంతా తిరిగింది. బోధన్‌కు దగ్గరలోనే ఉన్న ఊరు. ఒకవైపు చెరుకు, ఒకవైపు పసుపు, మధ్యలో వరి. యూరియా చల్లని పొలమంటూ ఆ చుట్టుపక్కల ఉండదు. వినీత నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎన్విరాన్‌మెంటల్ ఎర్త్ సైన్స్ చదువుతోంది. నేలా నీరూ ఎందుకు పాడవుతున్నాయి, మళ్లీ ఎలా బాగుపడతాయి అన్నదే ఆ చదువు. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆ పిల్ల నోరు నొప్పి పుట్టింది.

"మట్టి గురించి యూనివర్సిటీల సదువుడేంది బిడ్డా, మట్టి మాకు తెల్వదా" అని పక్కింటి పోశన్న ఎప్పుడు కనబడినా నవ్వేవాడు.

చదువు చివరికొచ్చింది. సొంత ఊరి బోరు నీళ్ల మీద నివేదిక రాయాలి. నలభై ఇళ్లకు నలభై సీసాలు ఇచ్చి, ప్రతి గడపలోనూ ఒకటే మాట చెప్పింది: "మోటరు ఏసి అయిదు నిమిషాలు నీళ్లు పోనియ్యాలె. అటెన్క బోరు నీళ్లే పట్టాలె." అందరూ తలూపారు. తలూపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. అక్క భాగ్యలక్ష్మి తొలి కాన్పుకు వచ్చి, రెండు నెలల కొడుకుతో ఇంకా పుట్టింట్లోనే ఉంది. పసివాడితో ఆమెకు తీరదని తమ ఇంటి సీసాను తల్లి సాయవ్వకే అప్పగించి, సాయంత్రానికి అన్నీ పోగుచేసుకుని హాస్టల్‌కు వెళ్లిపోయింది వినీత.

వారం తిరిగాక ఆమె ప్రొఫెసర్ సుమన మేడమ్ కాగితాలు ముందర పరిచి కూర్చుంది.

"నలభై బోర్లు, ఒక్కో బోరుదీ ఒక్కో లోతు. అన్నిట్లోనూ ఒకటే నీళ్లు ఎలా వస్తాయమ్మా? ఇవి ఫిల్టర్ ప్లాంటు నీళ్లు. సీసాలు ఎవరు నింపారు?"

"ఇంటోళ్లే నింపారు మేడమ్."

"నువ్వు పక్కన నిలబడలేదు. మనం పరీక్ష చేసింది మీ ఊరి నీళ్లను కాదు, మీ ఊరి మర్యాదను."

వినీతకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనదే. తెల్లారే బస్సెక్కి ఊళ్లో దిగి, నేరుగా పోశన్న ఇంటికే పోయింది.

"యూనివర్సిటీకి పోయే నీళ్లు బిడ్డా, ఖరాబ్ నీళ్లు ఎట్ల ఇయ్యాలె? ఫిల్టర్ నీళ్లు పోసిన. సీసా గూడ సర్ఫు పెట్టి కడిగిన" అన్నాడు పోశన్న, మెప్పు కోసం చూస్తున్నట్టు.

"నేను బోరు నీళ్లే అడిగిన గదా, పెద్దబాపూ."

"అడుగుతవ్. గలీజు నీళ్లు పంపితే ఊరి ఇజ్జత్ ఏంగావాలె?"

ఎదురింటి రుక్మాబాయిదీ అదే మాట. పై వీధిలో ఇంకా పది ఇళ్లు తిరిగితే పదింట్లోనూ అదే జవాబు. వాళ్లను తిట్టాలో, మొక్కాలో ఆ పిల్లకు తోచలేదు. ఏమనాలి ఈ మనుషులను? రోగం చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోయి, పక్కవాడి చెయ్యి చాపినట్టుంది వీళ్ల వ్యవహారం. ఇంటికొచ్చి తల్లిని నిలదీసింది.

"అవ్వా, నువ్వు ఏ నీళ్లు పోసినవ్?"

సాయవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఫిల్టర్ క్యాన్ల నీళ్లే. మేడమ్ ముంగట నీ పరువు పోవద్దని."

వినీత బయటికి నడిచింది. మోటరు వేసి, అయిదు నిమిషాలు ఆగి, తానే ఓ గాజు గొట్టంలో నీళ్లు పట్టింది. సంచిలోంచి పొడి తీసి కలిపి ఊపింది. నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి. పొలాల్లోని యూరియా, మరుగుదొడ్ల గుంతల మురుగు ఏళ్ల తరబడి ఇంకితే నీళ్లలో చేరే నైట్రేట్‌ను పట్టిచ్చే రంగు అది. ఉండాల్సినదానికి మూడింతలుంది.

ఆ గొట్టం పట్టుకుని లోపలికొచ్చేసరికి, భాగ్యలక్ష్మి పాలసీసాలో పొడి వేసి నీళ్లు పోస్తోంది. ఆమెకు పాలు చాలక పిల్లవాడికి డబ్బా పాలు పడుతున్నారు.

"అక్కా, అవి ఏ నీళ్లు?"

"బోరు నీళ్లే. అవ్వ పొద్దుగాల సలసల కాగబెట్టింది."

"ఫిల్టర్ నీళ్లల్ల బలం ఉండదు బిడ్డా, పసిపోరనికి భూమిల నీళ్లే మంచియి" అంది సాయవ్వ.

వినీత ఆ సీసా లాక్కుంది. నైట్రేట్ మరిగిస్తే పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు గాని ఆ పిల్ల అక్క కొడుకు ముఖం సరిగ్గా చూడలేదు. నేరేడుపండు తిన్నట్టున్నాయి పెదవులు. నాలుగు రోజులుగా ఇట్లనే ఉన్నాడనీ, దిష్టి తాకిందని రెండుసార్లు దిష్టి తీశామనీ భాగ్యలక్ష్మి చెప్పింది. ఆటో పిలిచి ముగ్గురూ నిజామాబాద్ ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ నీళ్ల వల్ల పిల్లవాడి రక్తం ఊపిరిని మోయలేకపోతోందని, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తానేమీ చెప్పలేకపోయేవాణ్ణని డాక్టరు అన్నాడు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజుకు పెదవులు ఎర్రబడి, వాడు గట్టిగా ఏడ్చాడు. సాయవ్వ ఆసుపత్రి వరండాలో కూలబడి వాడికంటే ఎక్కువ ఏడ్చింది.

పదిహేను రోజులకు వినీత మళ్లీ నలభై సీసాలు నింపింది, ఈసారి ప్రతి బోరు దగ్గరా తానే నిలబడి. ముప్పై బోర్లలో నైట్రేట్ హద్దు మీరి ఉంది. సుమన మేడమ్ స్వయంగా వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి ఆ లెక్కలు చదివి వినిపించింది. యూరియా ఎంత తగ్గించాలో, ఏ బోరు నీళ్లు పసిపిల్లలకు పట్టకూడదో విడమరిచి చెప్పింది. అంతా విని పోశన్న మెల్లగా లేచాడు.

"మేడమ్, గీ కాగితంల మా ఊరి పేరు లేకుంట రాయరాదు? నలుగుట్ల ఇజ్జత్ పోతది."

కొందరు అవునన్నారు. వినీత మొహం కందగడ్డ అయింది. ఇంత జరిగాక కూడా ఇదేనా అని నోరు తెరవబోయింది. అంతలో వెనకనుంచి సాయవ్వ లేచి నిలబడింది. నలుగురిలో ఏనాడూ పెదవి విప్పని మనిషి.

"పోశన్నా, ఇజ్జత్ కొరకే నేను క్యాన్ల నీళ్లు పరీక్షకు పంపిన, బోరు నీళ్లు నా మనుమనికి పోసిన. పోరడు నా సేతులల్లనే నల్లబడ్డడు. మా ఊరు మంచిగున్నదని కాగితం ఒస్తే మురిసిపోతుంటిమి, పోరన్ని బొందపెట్టనీకి పొలానికి మోసుకపోతుంటిమి. మేడమ్, ఊరి పేరు పెద్దగ రాయుండ్రి. సుట్టానికైతే ఉన్నదాంట్ల మంచిది పెట్టాలె గని, పరీక్షకు మాత్రం ఉన్నది ఉన్నట్టే సూపెట్టాలె."