గుండ్రటి గీతలు

"ఇంట్లో ఇంత పనిమంతురాలుండగా కారు షాపువాడి చేతిలో పెట్టడం దేనికి?" అని భర్త అన్నప్పుడల్లా ఆమె బకెట్లో నీళ్ళు పట్టుకునేది. తిడితే తిరగబడొచ్చు. పొగిడేవాణ్ణి ఏం చేస్తాం?

అలా పద్నాలుగేళ్ళుగా ఆదివారం పొద్దు ఆమెది కాకుండా పోయింది, కారుది అయింది. ముందు పైన కడగాలి. తరవాత చక్రాల లోపలి మట్టి, ఆ తరవాత సీట్ల సందుల్లో పిల్లలు కుక్కిన బిస్కెట్ ముక్కలు. ఏసీ గాలి వచ్చే చీలికల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమితే దుమ్ము ఇట్టే వదులుతుందని ఆమె సొంతంగా కనిపెట్టింది. ఆయన ఈ సంగతి స్నేహితులకి గర్వంగా చెప్పేవాడు. మా ఆవిడ చేతిలో పడితే డొక్కు బండి కూడా పెళ్ళికూతురే అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. వంటింట్లోంచి ఆమెకు అన్నీ వినిపించేవి. అంత కడిగిన కారులో ఆమె ఎక్కేది నెలకొకసారి. తను పనిచేసే లాయరుగారి ఆఫీసుకి ఆమె ప్రయాణం రోజూ బస్సులోనే, చాలాసార్లు నిలబడే.

ఆ ఆఫీసులో రోజంతా టైపు చెయ్యడం వల్ల కుడి మణికట్టు వాచింది. చేతిని మెలితిప్పే పనులు మానమని డాక్టరు చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, డాక్టర్లన్నాక ఏదో ఒకటి అంటారని, ఎడమచేత్తో తుడవమని ఆయన తేల్చేశాడు. మా రోజుల్లో మాకు మణికట్లు లేవా అని అత్తగారు గోడతో అన్నట్టుగా అంది. పోనీ ఈ ఒక్క పనీ షాపుకి ఇద్దామని ఆమె మూడుసార్లు అడిగింది. మూడోసారి అడగడానికి ముందు మాటలు కూడబలుక్కుని, కూరలు తరుగుతూ ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకుంది కూడా. ఆదివారం పొద్దున్న ఆమెకు పెద్ద కోరికలేం లేవు. మెలకువ వచ్చాక కూడా లేవకుండా, కిటికీలోంచి వచ్చే వెలుతురుని చూస్తూ కాసేపు పడుకోవాలని, అంతే. అంత చిన్న కోరికని పైకి చెబితే నవ్వుతారని, చెయ్యి నొప్పి అని మాత్రమే చెప్పేది.

చివరికి షాపు యోగం పట్టింది, ఆమె మణికట్టు వల్ల కాదు. భర్త పైఅధికారి ఊరికి వస్తున్నాడు, స్టేషన్ నుంచి ఈ కారులోనే తీసుకురావాలి. ఈసారికి షాపులోనే చేయిద్దామని ఆయనే అన్నాడు. నువ్వు దగ్గరుంటే పని ఎగ్గొట్టలేరని ఆమెను కూడా వెంటబెట్టుకెళ్ళాడు.

షాపాయన నెరిసిన జుట్టు మనిషి, మాట మెత్తన. ఆమె నిలబడి ఉండడం చూసి స్టూలు తెచ్చి వేశాడు, ఫ్యాను అటు తిప్పాడు. ఎవరూ అడగలేదు. ఆ ఫ్యాను గాలికి ఆమెకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. తరవాత ఆయన చేతి లైటు వెలిగించి బానెట్ మీదికి వంచి పట్టాడు. నల్లటి రంగు మీద సాలెగూళ్ళలా వందల గీతలు తేలాయి. అన్నీ గుండ్రంగా ఉన్నాయి.

"ఇంట్లో ఎవరో తుడుస్తున్నారు కదూ," అన్నాడు. "గిన్నె తోమినట్టు తిప్పి తిప్పి రుద్దారు. గుడ్డలో చిక్కిన ఇసుక అలాగే తిరుగుతుంది."

ఆమె తన చేతి వైపు చూసుకుంది. నిజమే. ఆ చేతికి వంటింటి సింకు నేర్పిన చదువు అది. దేన్ని పట్టుకున్నా సున్నాలు చుడుతుంది.

భర్త లైటు లాక్కుని తలుపుల మీద, డిక్కీ మీద తిప్పి చూశాడు. "పద్నాలుగేళ్ళూ శుభ్రం చేస్తున్నావనుకున్నా. నాశనం చేస్తున్నావన్నమాట." ఆపైన షాపాయనతో, "ఆ పద్ధతేదో మా ఆవిడకి నేర్పండి. వచ్చే వారం నుంచి తనే సరిగ్గా చేసుకుంటుంది," అన్నాడు.

షాపాయన రెండు బకెట్లు తెచ్చాడు. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. ముందునుంచి వెనక్కి, ఒకే దారిన, ఒత్తకుండా తుడవాలని చూపించి గుడ్డ ఆమె చేతికిచ్చాడు. ఆమె తుడిచింది. మొదటిసారికే చెయ్యి తిన్నగా సాగింది. మణికట్టు తిప్పే పని లేదు గనక నొప్పి కూడా తెలియలేదు. "చూశారా, ఒక్కసారికే పట్టేశారు," అన్నాడాయన. ఆ మెప్పుకి తన మనసు తోకాడించుకుంటూ పరిగెత్తడం ఆమె చూసింది. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, తలవెంట్రుకలు తెల్లబడేదాకా ఆదివారాలన్నీ ఆ తిన్నని గీత వెంట సాగిపోవడం కూడా చూసింది.

రెండోసారి గుడ్డ ఆనించి సున్నా చుట్టింది.

"అలా కాదమ్మా."

మళ్ళీ సున్నా చుట్టింది. భర్త నాలుక చప్పరించాడు. షాపాయన ఆమె ముఖంలోకి చూశాడు, గుడ్డ పట్టుకున్న వేళ్ళని చూశాడు. ఆ వేళ్ళు వణకడం లేదు.

"నాకు రావడం లేదండీ," అంది ఆమె.

షాపాయన ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. "కొందరికి రాదు సార్. బలవంతంగా చేయిస్తే బండే పాడవుతుంది. నెలకోసారి మా దగ్గర వదలండి," అన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని ఆమెకు తెలుసు, ఆమె అబద్ధమాడిందని ఆయనకీ తెలుసు. మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కారు పని పూర్తయి తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా భర్త సణిగాడు. ఇంత తేలిక పని రాని ఆడదాన్ని చూడలేదన్నాడు. ఆమె ఊకొట్టింది. తిట్టు మెప్పు కన్నా తేలిగ్గా ఉంటుందని ఆ రోజే తెలిసింది. వీధి మలుపు దగ్గర ఆయన ఫోన్ తీశాడు.

"అక్కా, ఇకనుంచి ఆదివారాలు పొద్దున్నే పిల్లల్ని మా ఇంట్లో దింపెయ్. ఇది ఖాళీయేగా."

అభ్యంతరం చెప్పినా వినే చెవి కారులో లేదు. ఆమె తనకు చెయ్యడం వచ్చిన పనులు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటీ గుర్తుచేసుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు చేరినా అవి తెమల్లేదు. అన్నీ మరిచిపోవడానికి ఈ జన్మ చాలదు. అయినా ఆడపడుచు పిల్లలకి జడలు వెయ్యడం మరిచిపోవడంతో మొదలుపెడదామనుకుంది.