నా బదులు చెప్పిన జవాబు

ముగ్గురు రాజుల పండుగనాడు కోసిన రొట్టెలో దాచిన బొమ్మ నా ముక్కలోనే దొరికింది. బొమ్మ ఎవరికి దొరికితే వాళ్లు ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండుగకి, అందరికీ తమాలెలు, అంటే డొప్పల్లో చుట్టి ఆవిరికి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, పెట్టాలి. అందుకని ఆ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక పన్నెండు మందిని మా ఇంటికి పిలిచాను.

తెల్లవారకముందే లేచాను. మొక్కజొన్న పిండిలో పంది కొవ్వు వేసి, భుజం లాగేదాకా గిలక్కొట్టాను. చిటికెడు ముద్ద తీసి నీళ్ల గ్లాసులో వేస్తే తేలింది. అంటే పిండి కుదిరిందన్నమాట. పచ్చిమిరపకాయల ముద్దలో ఉడికిన మాంసం కూడా సిద్ధంగా ఉంది. ఆ పూట నాకు దేని మీదా ఫిర్యాదు లేదు.

సాయానికి ఎర్మీనియా వచ్చింది. కొవ్వొత్తులు పోసే నికానోర్‌కి చెల్లెలు ఆమె. ఇద్దరం పెరట్లో కూర్చుని, నానబెట్టిన మొక్కజొన్న డొప్పల మీద పిండి పూస్తున్నాం. ఇరవయ్యో డొప్ప దగ్గరో ఎక్కడో ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, మా అన్నయ్య మీ మీద ఏమీ మనసులో పెట్టుకోలేదు. మీరు కాదన్నారని కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు గానీ, ఇప్పుడు మామూలే. ఈరోజు తప్పకుండా వస్తానన్నాడు."

"నేను దేన్ని కాదన్నాను?"

నేను సిగ్గుపడి నటిస్తున్నానని అనుకుందేమో, నవ్వింది. నేను నవ్వకపోయేసరికి మొత్తం చెప్పింది. మా దగ్గర భార్య పోయినవాడు విధవరాలి గుమ్మంలోకి నేరుగా రాడు. ఆమెకి కావలసినవాళ్ల ద్వారా అడిగిస్తాడు. నికానోర్ పోయిన ఆగస్టులో రెండు డజన్ల మంచి కొవ్వొత్తులు పట్టుకుని నా చిన్ననాటి స్నేహితురాలు డోమితిలా ఇంటికి వెళ్లాడట. ఆదివారం సాయంత్రాలు బాసిలిసా ఇంటికి, అంటే నా ఇంటికి, రావచ్చా, కనుక్కోమన్నాడట. వారం తిరక్కుండా డోమితిలా జవాబు తెచ్చిందట. బాసిలిసా వద్దంది, పోయిన భర్త జ్ఞాపకమే చాలంది, ఇంకోసారి ఆ మాట ఎత్తొద్దంది, అని.

ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదు. నన్ను ఎవరూ అడగలేదు.

నేనూ డోమితిలా ఒకే వీధిలో పెరిగాం. ఒకే బావి నుంచి నీళ్లు మోశాం, ఒకళ్ల జుట్టు ఒకళ్లం పీక్కున్నాం. మా వాడికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు వాణ్ణి ఎత్తుకున్నది ఆమే. ఆ రోజు నుంచి మేం కొమాద్రెలం, ఒకే బిడ్డకి కన్నతల్లీ జ్ఞానతల్లీ, అయ్యాం. ఏమే, ఒసే అనుకున్నవాళ్లం మీరు, రండి అనుకోవడం మొదలుపెట్టాం. కొమాద్రెతో పోట్లాట కూడదు. ఆమె మీద గొంతు పెంచితే చర్చిలో నిలబడి కేకలు వేసినట్టే. ముప్పై ఆరేళ్లుగా మా మధ్య గట్టి మాట లేదు. ఉంటే మింగేశాం.

అందుకే పది గంటలకి ఆమె కొత్త తెల్ల గౌను తొడిగిన బాల యేసు బొమ్మని చర్చి నుంచి చేతుల్లో ఎత్తుకుని వచ్చినప్పుడు, నేను ఆమె చెంప ముద్దుపెట్టుకున్నాను. కుర్చీ వేశాను. పొయ్యి దగ్గరికి వెళ్లి తమాలెల కుండ మూత గట్టిగా నొక్కాను.

అక్కడ నిలబడితే సెప్టెంబరు గుర్తొచ్చింది. నికానోర్ కొవ్వొత్తుల వత్తులు పొగ చూరుతున్నాయి, ఇంకెక్కడైనా కొనుక్కోండి అని ఆమె నాకు చెప్పింది. నేను కొట్టు మార్చేశాను. తరవాత వీధిలో కనపడితే అతను టోపీ తీసి, తల దించుకుని పోయేవాడు. వేరే కొట్టుకి వెళ్తున్నానని అలిగాడనుకున్నాను.

పదకొండున్నరకి ఒక తమాలె విప్పి చూశాను. పిండి డొప్పకి అతుక్కునే ఉంది. పన్నెండుకి ఇంకోటి విప్పాను. అదీ అంతే. బల్ల దగ్గర అందరూ జావ తాగేసి, నా వైపు చూస్తున్నారు. తమాలెలు ఎందుకు ఉడకవో మాలో పసిపిల్లకైనా తెలుసు. ఇంట్లో ఎవరో కోపంగా ఉంటే ఉడకవు. ముసలి క్రిస్పీనా లేచి కుండ చెవులకి డొప్ప పేలికలు ముడివేసింది, ఆ కోపం పోవాలని లంగా పట్టుకుని పొయ్యి ముందు నాలుగు గంతులు వేసింది. అయినా ఆవిరి నీరసంగానే వస్తోంది.

"ఎవరే ఆ కోపిష్టి?" అంది క్రిస్పీనా. "ఒప్పేసుకోండి, తిందాం. నాకున్నవే నాలుగు పళ్లు. ఆకలికి అవీ రాలేలా ఉన్నాయి."

మగవాళ్లు ఒకరినొకరు చూపించుకున్నారు. ఒకడు తన అల్లుడి పేరు చెప్పాడు, అల్లుడు మామగారి గురక పేరు చెప్పాడు. డోమితిలా పకపకా నవ్వుతూ నా వైపు వేలు చూపింది.

"ఇంకెవరు, మా కొమాద్రెనే. పొద్దున్నుంచి మూతి ముడుచుకునే ఉన్నారు. ఏంటమ్మా, మీ పొయ్యి మీద మీకే అలకా?"

అందరూ నవ్వారు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్న నికానోర్ కూడా నవ్వాడు.

"అవును, కోపం నాకే," అన్నాను. "మీ మీదే."

నవ్వులు ఆగిపోయాయి. ఆగస్టులో నికానోర్ గారు మీ ఇంటికి ఎందుకొచ్చారో చెప్పమన్నాను. ఆమె ఎర్మీనియా వైపు ఒక చూపు చూసి, లోపలికి వెళ్లి మాట్లాడుకుందాం అంది. నేను కదల్లేదు. అప్పుడు ఆమె ఏడుపు గొంతుతో కారణాలు చెప్పుకొచ్చింది. మా ఆయన, ఇలారియో గారు, పోయి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదట. ఆయన చొక్కాలు నేను ఎవరికీ ఇవ్వకుండా పెట్టెలో దాచుకున్నానట. యాభై ఏళ్ల స్నేహంలో నా మనసు ఆమెకి తెలియదా, అట.

"తెలిస్తే నన్ను అడగడానికేం?"

"అడిగితే బాధపడతారని."

"నేను బాధపడతానో, సంతోషిస్తానో, నవ్వి ఊరుకుంటానో, అది నా ఇష్టం. నా నోరు నీకెవరిచ్చారే?"

'మీకు' బదులు ఆ 'నీకు' వినగానే క్రిస్పీనా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. నేను నికానోర్ వైపు తిరిగాను.

"మీరూ తక్కువేం కాదు. వారం వారం మీ కొట్టుకి వచ్చేదాన్ని. కొట్టు బల్లకి ఇవతల నేను, అవతల మీరు. నన్ను అడగడానికి మీకు ఇంకొకరి నోరు కావాల్సొచ్చిందా?"

"పద్ధతి అదే కదండీ," అన్నాడు అతను.

"పద్ధతి ప్రకారం అయిపోయింది. ఇప్పుడు అడగండి."

అతను లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. గోళ్ల కింద మైనం కనిపిస్తోంది. పన్నెండు మంది ముందు, టోపీ రెండు చేతులతో పట్టుకుని, ఆదివారాలు మీ ఇంటికి రావచ్చా అని అడిగాడు. గొంతు వణకలేదు. మంచి మనిషి.

ఆగస్టులో నా ఇల్లు ఎలా ఉండేదో గుర్తొచ్చింది. నిశ్శబ్దం భరించలేక రెండు గదుల్లో రెండు రేడియోలు పెట్టేదాన్ని. వంట ఇద్దరికి వండి, ఒక పళ్లెం కోళ్లకి వేసేదాన్ని. అప్పుడు అడిగి ఉంటే ఏమనేదాన్ని? ఎంత వెతికినా దొరకలేదు. నవంబరులో చొక్కాలు పంచేశాను. ఇప్పుడు మంచం మధ్యలో పడుకుంటున్నాను, ఆకలైనప్పుడు తింటున్నాను. ఆగస్టులో జవాబు చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేదు. ఆమెని అడగవలసిన రోజున ఎవరూ అడగలేదు. ఇక ఆ జవాబు నాకెప్పటికీ తెలియదు.

"వద్దండి," అన్నాను. "మీలో లోపం ఏమీ లేదు. కానీ వద్దు."

అతను తలూపి కూర్చున్నాడు. ఎర్మీనియా అతని గ్లాసులో జావ పోసింది.

అప్పుడు డోమితిలా కళ్లు తుడుచుకుని, బల్ల చుట్టూ ఒకసారి చూసింది.

"చూశారా? ఆగస్టులో నేను చెప్పిందీ ఇదే మాట. దీనికోసం పండుగ పూట ఇంత రాద్ధాంతం చేసి, అందరి కడుపులూ మాడ్చారు."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. మాట ఒకటే కదా, ఇంక గొడవెందుకు అన్నట్టు. నన్ను ఎక్కువ మండించింది ఆ తలలే.

ఆమె కుర్చీకి వేలాడుతున్న శాలువా తీసి ఆమె చేతిలో పెట్టాను.

"లే. ఇంటికి వెళ్లు."

మా దగ్గర బల్ల ముందు కూర్చున్నవాళ్లని తినకుండా పంపరు. శత్రువునైనా పంపరు. ఆమె నమ్మలేదు.

"నేను మీ బిడ్డని ఎత్తుకున్నదాన్ని, కొమాద్రె."

"ఎత్తుకున్నావు. వాడికి నువ్వు ఎప్పటికీ తల్లివంటిదానివే. వాడింటికి ఎప్పుడైనా వెళ్లు. నా గుమ్మం తొక్కకు."

ఆమె శాలువా కప్పుకుని, బొమ్మని ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను కుండ కింద మంట ఆర్పేశాను. నల్ల చిక్కుడు గింజలు వేయించి, రొట్టెతో పళ్లేలు పెట్టాను. అందరూ తిన్నారు.

కాసేపటికి ఎర్మీనియా పళ్లెం పక్కకి జరిపి లేచింది. ఆవిడ ఇంకా వీధి మలుపు దాటి ఉండదు, వెళ్లి తీసుకొస్తాను, అక్క కోపంలో అనేసింది, లోపల బాధపడుతోంది అని చెప్తాను, అంది.

"వెళ్తే నీ తరఫున వెళ్లు," అన్నాను. "నా తరఫున ఒక్క మాట కూడా మోసుకెళ్లకు."

ఆమె గేటు వైపు చూసింది, నా వైపు చూసింది. కూర్చుంది.